పదకొండేళ్ళైంది, ఇంకా "హుద్‌హుద్ గాడు" అనే పిలుస్తున్నారు

గాజువాక_సైడు రాసేరు:

అందరికీ నమస్తే. రోజూ చదువుతుంటాను గానీ ఎప్పుడూ రాయలేదు, ఈరోజు మనసు బాలేదు అందుకే రాస్తున్నా, కొంచెం పెద్దదైపోద్ది ఏమనుకోకండి.

2014 అక్టోబర్ 12 ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. మన వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పుడు నాకు 25. మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే వీధి కనపడలేదు, చెట్లే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళు లేవు. నేనూ ఇంకో ముగ్గురు కుర్రాళ్ళం రంపం పట్టుకుని మొదలెట్టేం. పగలు చెట్లు కొట్టడం, రాత్రి ట్యాంకర్ దగ్గర లైను చూడటం, ముసలోళ్ళకి మూడో ఫ్లోర్ దాకా బిందెలు మొయ్యడం. మిగతా ముగ్గురూ పడుకునేవారు, నాకు నిద్ర రాలేదు. రాకపోయినా అలుపు లేదు. మొదటి నాలుగు రోజులు కాలనీ మొత్తం "కంటే ఇలాంటి కొడుకుని కనాలి" అన్నారు. పక్కింటి పిన్నిగారు గ్యాస్ పొదుపు చేసుకుంటూ కూడా నాకోసం వేరేగా ఉప్మా చేసి పెట్టేరు.

ఆరో రోజుకి నా బైకు తాళాలు కొవ్వొత్తులు తెచ్చిన ఎవరో లారీ అతనికి ఇచ్చేసేను. ఏడో రోజు నీళ్ళ ట్యాంకర్ ఎక్కి భీమిలి నుంచి గంగవరం దాకా సముద్రానికి గోడ కట్టేస్తాను, డబ్బులు ఢిల్లీ నుంచి వస్తున్నాయి, అందరూ ఆధార్ కార్డులు తెండి అని స్పీచ్ ఇచ్చేనంట. కొంత గుర్తుంది, కొంత వాళ్ళు చెప్తే తెలిసింది. నాన్న, బాబాయి ఆటోలో చినవాల్తేరు మెంటల్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళేరు. 24 రోజులు. బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు విపరీతమైన దిగులు వచ్చే జబ్బు. అప్పట్నుంచి దానికి లిథియం మాత్రలు వేసుకుంటున్నా, 2017లో ఒకసారి కొంచెం తేడా చేస్తే డోసు మార్చేరు, అంతే. ఒక ప్రైవేట్ కంపెనీలో స్టోర్స్ చూస్తాను, ఎనిమిదేళ్ళుగా ఒకే చోట.

కానీ కాలనీలో నా పేరు "హుద్‌హుద్". పిల్లలు కూడా హుద్‌హుద్ అంకుల్ అంటారు, ఆ తుఫాను అప్పటికి వాళ్ళు పుట్టనే లేదు.

మొన్న అసోసియేషన్ మీటింగులో కాలవ గొడవ. కొత్తగా వేసిన స్లాబు వాలు తప్పు, వాన పడితే నీళ్ళన్నీ మా గేటు లోపలికే. అందరూ అరుస్తున్నారు, నేనూ అరిచేను. ట్రెజరర్ గారు నావైపు చూడలేదండి, మా అమ్మ వైపు తిరిగి మెల్లగా "అమ్మా, బాబు మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా" అన్నారు.

అంతే. మొత్తం సైలెంట్. కాలవ సంగతి అక్కడితో సరి. అమ్మ నా చెయ్యి పట్టుకుని "పద నాన్నా" అంది.

నాకు కోపం రాకూడదా? వస్తే అది జబ్బేనా? ఇలాంటి ముద్ర పడినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి. చెల్లికి అనకాపల్లి సంబంధం కూడా నడుస్తోంది, అదో టెన్షన్.

---

చోడవరం_బెల్లం రాసేరు:

అన్నా అంతా చదివేను గానీ ముందు ఒకటి చెప్పు, కాలవ ఏటయింది? స్లాబు మార్చేరా లేదా?

మా ఊళ్ళో నన్ను "డింకీ" అంటారు. టెన్త్ రెండుసార్లు డింకీ కొట్టేను కదా. ఇప్పుడు నాకు రెండు ట్రాక్టర్లు ఉన్నాయి, అయినా "డింకీ ట్రాక్టర్ ఖాళీయేనా" అనే అడుగుతారు. నేనైతే వాళ్ళకంటే ముందు నేనే జోకేసేస్తాను. నువ్వూ అలా నవ్వి కొట్టిపారెయ్. ఆళ్ళ నోటికి మనం తాళం ఎయ్యలేం.

---

గాజువాక_సైడు రాసేరు:

బెల్లం బ్రదర్, కాలవ అలాగే ఉంది :(

నవ్వడం ట్రై చేసేను. రెండేళ్ళు నవ్వేను. వినాయకచవితి పందిట్లో మైకు పట్టుకుని "హుద్‌హుద్ మాట్లాడుతున్నా" అని నేనే అన్నా. అందరూ పడీపడీ నవ్వేరు. దాంతో ఏమైందంటే అంతకుముందు వెనకాల అనేవాళ్ళు ఇక మొహం మీద అనడం మొదలెట్టేరు, వాడే అనుకుంటున్నాడు కదా మనకేంటి అని. నీ డింకీకి నా దానికి తేడా ఒకటుంది, నువ్వు ట్రాక్టర్ రేటు గట్టిగా మాట్లాడితే బేరం అంటారు, నేను గట్టిగా మాట్లాడితే "మొదలైంది" అంటారు.

---

సిస్టర్_రిటైర్డ్ రాసేరు:

బాబూ, నేను ముప్ఫై ఏళ్ళు మానసిక వైద్యం వార్డుల్లో నర్సుగా చేసి రిటైర్ అయ్యేను. నీది చదువుతుంటే ఆ ట్రెజరర్ గారి గొంతు కూడా వినపడింది నాకు, ఎన్నిసార్లు విన్నానో.

మన ఉత్తరాంధ్రలో పిల్లాడు అల్లరి చేస్తే "వాల్తేరు పంపించేస్తా" అంటారు, హైదరాబాద్ వాళ్ళు ఎర్రగడ్డ అన్నట్టు. ఆ మాట మీదే పెరిగినవాళ్ళం కదా మనం. అందుకే మా దగ్గరికి జనం చీకటి పడ్డాక వచ్చేవారు. ఒకావిడ కొడుకుని తెచ్చి ఆటోని గేటు దాకా రానివ్వలేదు, ఆటో వాడు తెలిసినవాడంట, నాలుగు వీధుల అవతలే దిగి నడిపించుకొచ్చింది, జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి.

ఒక సంగతి చెప్తాను. షుగర్ ఉన్నవాణ్ణి ఎవరూ "షుగర్ గాడు" అనరు. కోపమొస్తే "నీకు షుగర్ పెరిగిందా" అని వాదన ఆపరు. కానీ మన జబ్బుకి మాత్రం మనిషి పేరే తీసేసి జబ్బు పేరు పెట్టేస్తారు. జపాన్‌లో స్కిజోఫ్రీనియాకి పాత పేరు "మనసు చీలిపోయిన జబ్బు" అనే అర్థం వచ్చేలా ఉండేది. రోగుల కుటుంబాలు పట్టుబడితే 2002లో అక్కడి డాక్టర్ల సంఘం ఆ పేరే మార్చేసింది. పేరు అంత పని చేస్తుందనే కదా.

ఇక నీ పని. కోపం వేరు, జబ్బు తిరగబెట్టడం వేరు. తేడా నీకు, మీ అమ్మగారికి తెలియాలి. ఇద్దరూ ఒక కాగితం మీద రాసుకోండి: మూడు నాలుగు గంటలే పడుకుని అలుపు లేకుండా తిరగడం, మాట ఆపకుండా పోవడం, డబ్బులు నీళ్ళలా ఖర్చు, పెద్ద పెద్ద ప్లాన్లు. ఇవి వరసగా కొన్ని రోజులు కనపడితే డాక్టర్ దగ్గరికి. లేకపోతే అది మామూలు కోపం. ఈసారి ఎవరైనా అడిగితే అమ్మ "నిన్న ఎనిమిది గంటలు పడుకున్నాడండీ, వాడి కోపం కాలవ మీద" అనాలి. ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయినంతకాలం వాళ్ళ మాటే నెగ్గుతుంది. అమ్మని తప్పు పట్టడం లేదు, ఆవిడ ఆ ఏడో రోజు ఇంకా మర్చిపోలేదు.

చేతులు వణుకుతాయా?

---

గాజువాక_సైడు రాసేరు:

సిస్టర్, మీరెలా కనిపెట్టేరు? వణుకుతాయి. టీ గ్లాసు పట్టుకుంటే సాసర్ కావాలి. అది చూసే "ఇంకా తగ్గలేదు పాపం" అనుకుంటారు.

---

సిస్టర్_రిటైర్డ్ రాసేరు:

అది జబ్బు కాదు నాన్నా, మందు. లిథియంతో సన్నటి వణుకు చాలామందికి ఉంటుంది. కానీ వణుకు పెరిగినా, నడక తూలినా, మాట ముద్దయినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా ఆలస్యం చెయ్యకు, రక్తంలో లిథియం లెవెల్ ఎక్కువైందేమో చూపించాలి. మన వైజాగ్ ఉక్కపోతలో చెమటకి ఒంట్లో నీళ్ళు, ఉప్పు పోతే లెవెల్ పెరుగుతుంది. ఒంటినొప్పులకి మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్ లాంటివి అడిగి వేసేసుకోకు, వాటివల్లా పెరుగుతుంది. రక్తం ఇచ్చేటప్పుడు రాత్రి మాత్రకి 12 గంటల తర్వాత ఇవ్వాలి. కిడ్నీ, థైరాయిడ్ టెస్టులు వదలొద్దు. వణుకు ఇబ్బందిగా ఉంటే డాక్టర్‌కి చెప్పు, దానికీ మార్గాలున్నాయి, సొంతంగా మాత్ర మాత్రం ఆపకు.

---

ఎంవీపీ_అత్తయ్య రాసేరు:

నన్ను తిట్టినా పర్లేదు, ఉన్నమాట చెప్తా. మాకు కింద రెండు పోర్షన్లు అద్దెకి ఉన్నాయి. ఇలాంటి ట్రీట్‌మెంట్ ఉన్న మనిషి అని తెలిస్తే నేనూ ఆలోచిస్తాను. ఇంట్లో ఆడపిల్లలున్నారు. జనాలది తప్పు అని ఈజీగా అనేస్తారు గానీ ఆ రోజు ట్యాంకర్ ఎక్కి అరిచింది చూసినవాళ్ళకి భయం ఉండదా? భయం కూడా నిజమే కదా బాబూ.

---

చోడవరం_బెల్లం రాసేరు:

అత్తయ్యగారూ ట్యాంకర్ ఎక్కి అరవడానికే భయమైతే మా ఊళ్ళో ఎలక్షన్లప్పుడు ఒక్కడికీ ఇల్లు దొరకదు

---

బాపట్ల_టు_వైజాగ్ రాసేరు:

అత్తయ్యగారి మాట చూసేక రాయాలనిపించింది. తిట్టడానికి కాదమ్మా.

నాది స్టువర్టుపురం. ఈ ముక్క చదవగానే మీకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. అదే నా ముద్ర. నేను దొంగతనం చెయ్యలేదు, మా నాన్న చెయ్యలేదు. ఆయన టీచర్. నేను ఇంజనీరింగ్ చదివి ఇక్కడ ఒక కంపెనీలో డిజైన్ చేస్తాను. మద్దిలపాలెంలో అద్దెకి దిగినప్పుడు మీదే ఊరు అంటే "బాపట్ల దగ్గర" అన్నాను. అబద్ధం కాదు కదా.

ఓనర్ వాళ్ళు మంచివాళ్ళు. ఆంటీ పండక్కి గారెలు పంపేవారు. మా గుమ్మం పక్కనే వాళ్ళ తులసికోట, దాని మీద చిన్న రాగి చెంబు, పగలూ రాత్రీ అక్కడే ఉండేది. ఒకసారి నాన్న వచ్చేడు. ఆయనకి దాచడం చేతకాదు. అంకుల్ అడిగితే "మాది స్టువర్టుపురం అండీ, స్టేషన్ కూడా ఉంది" అని చెప్పేడు. అంకుల్ బానే మాట్లాడేరు, కాఫీ ఇచ్చేరు.

ఆ రాత్రి నుంచి రాగి చెంబు లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరూ ఒక్క మాట అనలేదండి. పొద్దున్న ఆరింటికి ఆంటీ చెంబు తెచ్చి పెట్టేవారు, సాయంత్రం దీపం పెట్టేక తీసుకెళ్ళేవారు. నేను రోజూ చూసేవాణ్ణి. రెండు నెలలు ఉండి ఖాళీ చేసేను. దేనికి గొడవ పడను? చెంబు వాళ్ళది, లోపల పెట్టుకున్నారు.

మా ఊరు ఎలా పుట్టిందో చాలామందికి తెలియదు. మా ఎరుకల వాళ్ళు ఒకప్పుడు గాడిదల మీద కోస్తా నుంచి పైదేశానికి ఉప్పు, అక్కణ్ణుంచి ధాన్యం మోసి అమ్ముకునేవాళ్ళు. బ్రిటిష్ వాళ్ళు ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టి, రైళ్ళు వేసేసరికి ఆ వ్యాపారం పోయింది. ఊరూరా తిరిగేవాళ్ళంటేనే వాళ్ళకి అనుమానం. 1871లో ఉత్తరాదిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చేరు, 1911లో మద్రాస్ ప్రెసిడెన్సీకి కూడా. అంటే పుట్టుకతోనే నేరస్తుడు. పేరు రిజిస్టర్‌లో, వేలిముద్రలు, పోలీసుల దగ్గర హాజరు, చెప్పకుండా ఊరు దాటితే జైలు. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ చేతికిచ్చి మా సెటిల్‌మెంట్ పెట్టించేరు. మద్రాస్ ప్రభుత్వంలో స్టువర్ట్ అనే దొర ఉండేవాడు, ఆయన పేరే ఊరికి. చట్టం ఎత్తేసింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయి డెబ్భై ఏళ్ళు దాటింది, చెంబు నిన్నగాక మొన్న లోపలికెళ్ళింది.

మా ఊళ్ళో దొంగలు అసలు లేరని చెప్పను. ఉన్నారు, వాళ్ళ మీద సినిమాలు కూడా తీసేరు. మా ఊరి టీచర్ మీద ఎవరూ తియ్యరు.

అత్తయ్యగారూ, మీ భయం నిజమే. కానీ ఆ భయానికి అద్దె కట్టేది మేము.

---

ఎంవీపీ_అత్తయ్య రాసేరు:

చెంబు సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేసేను బాబూ. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ లోపల పెట్టేదాన్నే. ఇంకేం రాయాలో తెలీడం లేదు.

---

జగదాంబ_జూనియర్_లాయర్ రాసేరు:

కొంచెం చట్టం. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్, 2018 మే నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3లో రెండు లైన్లు మన అన్నకి పనికొస్తాయి. గతంలో ట్రీట్‌మెంట్ తీసుకున్నాడనో హాస్పిటల్లో ఉన్నాడనో ఆ ఒక్క కారణంతో ఇప్పుడు కూడా మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు. జబ్బు ఉన్నా సరే, కోర్టు చెప్తే తప్ప మతిస్థిమితం లేనివాడు అనుకోకూడదు. సెక్షన్ 21 ప్రకారం హెల్త్ ఇన్సూరెన్స్ మిగతా జబ్బులకి ఇచ్చినట్టే దీనికీ ఇవ్వాలి. సెక్షన్ 23, మీ వివరాలు గోప్యంగా ఉంచాలి.

బాపట్ల బ్రదర్, జైలు మాన్యువల్స్‌లో విముక్త జాతుల వాళ్ళని, అంటే ఆ క్రిమినల్ ట్రైబ్స్ చట్టం నుంచి బయటపడ్డవాళ్ళని, అలవాటు నేరస్తులుగా చూసే రూల్స్ ఉండేవి, సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న కొట్టేసింది. అంటే అప్పటిదాకా కాగితం మీద కూడా ఆ ముద్ర ఉన్నట్టే లెక్క.

ఇవన్నీ చెప్పి నిజం కూడా చెప్పాలి, ట్రెజరర్ మీద కేసు వెయ్యడానికి ఇందులో పెద్దగా ఏం లేదు. చట్టం ఇన్సూరెన్స్ వాడి దగ్గర పనికొస్తుంది, అరుగు మీద పనికిరాదు. కాలవకి మాత్రం జీవీఎంసీకి (మన విశాఖ కార్పొరేషన్‌కి) రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, ఫోటోలతో. కాగితం మీద గొంతు వినపడదు కాబట్టి ఎవరూ మాత్రలు అడగరు.

---

నైట్_షిఫ్ట్ రాసేరు:

నాది చిన్నది. విడాకులు అయ్యి ఆరేళ్ళు. అపార్ట్‌మెంట్లో 302 అంటే "ఆ డివోర్స్ ఆవిడ". నేను నైట్ షిఫ్ట్ క్యాబ్ దిగితే వాచ్‌మన్ కూడా టైమ్ చూస్తాడు. నేను చేసింది ఏంటంటే అందరికీ చెప్పడం మానేసేను, ఇద్దర్ని ఎంచుకున్నా. పక్క ఫ్లాట్ మామ్మగారు, కింద ఇస్త్రీ అతను. వాళ్ళకి మొత్తం చెప్పేను, మిగతావాళ్ళకి ఒక్క ముక్క లేదు. ఎవరైనా ఏదన్నా అంటే మామ్మగారే చూసుకుంటారు, ఆవిడ నోరు నా నోటికంటే పెద్దది.

---

గోపాలపట్నం_మాస్టారు రాసేరు:

నాయనా, ఆ పేరు సంగతి ఒకటి. హుద్‌హుద్ అనేది పిట్ట పేరు, తల మీద కిరీటంలా ఈకలుంటాయి. ఒమన్ వాళ్ళు ఇచ్చిన పేరు. నేలలో పురుగులు ఏరుకు తినే బుద్ధిమంతమైన పిట్ట, ఒక్క చెట్టు కూల్చినట్టు ఎక్కడా లేదు. మన వైజాగ్‌లో పాపం దానికీ చెడ్డపేరే. ఇంకో విషయం, మన బంగాళాఖాతంలో, అరేబియాలో ఒక తుఫానుకి వాడిన పేరు మళ్ళీ ఇంకో తుఫానుకి వాడరు. గాలి 180 కిలోమీటర్ల వేగంతో ఊరు ఊపేసిన తుఫానుకే ఒక్కసారితో వదిలేసేరు. నీకేమో పదకొండేళ్ళుగా!

చెల్లెమ్మ సంబంధం గురించి: దాచకండి. నలుగురిలో కాదు, మధ్యవర్తి నోటితో అసలే వద్దు. మీరే చెప్పండి.

---

గాజువాక_సైడు రాసేరు:

పది రోజులు రాలేదు, సారీ. మాస్టారూ పిట్ట ఫోటో చూసేను, బాగుంది :) 

చెల్లి నన్ను అడక్కుండానే అబ్బాయికి ఫోన్ చేసి చెప్పేసింది. "మా అన్నయ్యకి బైపోలార్, మందులు వాడతాడు, జీతం ఇంట్లో ఇస్తాడు, నా ఇంజనీరింగ్ ఫీజు వాడే కట్టేడు" అని అదే ఆర్డర్లో. అబ్బాయి వాళ్ళమ్మ ఫోన్ తీసుకుని "మీకూ వస్తుందా" అని అడిగిందంట. చెల్లి డాక్టర్‌తో మాట్లాడుకుని ఉంది, "మామూలువాళ్ళకంటే అవకాశం ఎక్కువే, కానీ ఎక్కువమంది అన్నదమ్ములకి అక్కచెల్లెళ్ళకి రాదు" అంది. చూసి చెప్తామన్నారు. ఇంకా చెప్పలేదు.

సిస్టర్ చెప్పిన కాగితం రాసుకున్నాం. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది, అక్కడ ఎందుకమ్మా అంటే రోజూ కనపడుతుంది అంది. లాయర్ గారు చెప్పినట్టు కాలవకి కాగితం కూడా పెట్టేను, ఒకతను వచ్చి టేపుతో కొలిచి వెళ్ళేడు.

అసలు సంగతి నిన్న రాత్రి. వాయుగుండం అని వాన, ఈదురుగాలి. మెయిన్ గేటు దగ్గర బాదం చెట్టు కొమ్మ విరిగి ట్రెజరర్ గారి కారు మీద పడింది. తొమ్మిదిన్నరకి మా తలుపు కొట్టేరు. గొడుగు పట్టుకుని నిలబడి "హుద్‌హుద్ బాబూ, మీ ఇంట్లో రంపం ఉందంట కదా" అన్నారు.

నాకు ఎక్కడ్లేని కోపం వచ్చింది. అమ్మ వెనకాలే ఉంది. మెల్లగానే అన్నా, "ఉందండి. పేరు పెట్టి అడగండి, ఇస్తాను."

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. ఏదో అనబోయి ఆగేరు. అప్పుడు అర్థమైంది నాకు, ఆయన కాలనీకి వచ్చింది 2019లో. నన్ను ఎవరూ ఆయనకి వేరే పేరుతో చెప్పలేదు.

"నీ పేరేటి బాబూ?" అన్నారు.

చెప్పేను. రంపం ఇచ్చేను. వెళ్ళి కొమ్మ కొట్టలేదు, పదింటికి మాత్ర టైమ్, పడుకున్నా.

---

చోడవరం_బెల్లం రాసేరు:

సూపర్ అన్నా. రంపం తిరిగిచ్చేడా?

---

గాజువాక_సైడు రాసేరు:

ఇంకా లేదు